గురి ఎంత దూరం?

తెలుగులో "గురి" అన్న మాటకు రెండర్థాలున్నాయి. బాణమో గుండో తగలవలసిన చోటు గురి. ఒకరి మీద మనకుండే నమ్మకం కూడా గురే. "ఆ డాక్టరుగారి మీద మా అమ్మకు మంచి గురి" అంటాం చూడండి, అదీ. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ ఈ రెండర్థాలనూ బోర్డు మీద విడివిడిగానే రాస్తూ వచ్చాను. రెండూ ఒకే చోట కలిసే వ్యవహారం ఒకటుందని ఈ మధ్యనే తెలిసింది. అది చేతి తుపాకితో వేట.

తెలుగు లెక్చరరుకు తుపాకుల గొడవ ఎందుకని పాఠకులు నవ్వుకోవచ్చు. కాని మేముండేది అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టూ గోడలు కనపడకుండా కంప్యూటరు కోర్సుల బోర్డులు వేలాడే పేట ఇది. ఇక్కడ ఆరు నెలలు పాఠాలు విని అమెరికా విమానం ఎక్కిన కుర్రవాళ్ళు లేని వీధి లేదు. మా అక్కయ్య కొడుకు అందులో ఒకడు. టెక్సాసులో ఉద్యోగం. సెలవులకు వచ్చిన వాడు ఒకరోజు భోజనాల దగ్గర, "మావయ్యా, వచ్చే నవంబరులో జింకల వేటకు వెళుతున్నాను. రైఫిలుతో కాదు, పిస్తోలుతో. రెండు వందల గజాల దూరం నుంచి కొట్టడానికి ఏ సైజు తుపాకి, ఏ అద్దం కొనాలా అని ఆలోచిస్తున్నాను" అన్నాడు.

మా అక్కయ్య పప్పు గరిటె అలాగే పట్టుకుని వుండిపోయింది. మా బావగారు మజ్జిగ వైపు చూశారు. "ఆ రెండు వందల గజాలు ఎవరు చెప్పార్రా?" అన్నాను. "తుపాకి అంత దూరం కొడుతుంది మావయ్యా" అన్నాడు.

తుపాకి కొడుతుంది, నిజమే. వీడు కొట్టగలడా? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నెల్లాళ్ళు చదివాను, అడిగాను, లెక్కలు వేశాను. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు పనికి వస్తుందని ఆ సారాంశం ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడ కుదరదు

ముందుగా ఒక మాట. మన దేశంలో ఈ సరదాకు చోటు లేదు. ఆరో నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరు మోసినవాడు; ఆ వేట శిబిరాలను రాజా దీనదయాళ్ ఫోటోలు తీశాడు. అదంతా వెనకటి ముచ్చట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు పుచ్చుకుని వేటాడే వీలు కూడా పోయింది. పంజాగుట్ట మీదుగా బంజారాహిల్సు ఎక్కితే వచ్చే కె.బి.ఆర్. పార్కులో ఇవాళ నెమళ్ళను చూడడానికి వెళతాం, అంతే, చూడడానికే.

తుపాకి సైజు సంగతి కూడా ఇక్కడ చట్టమే తేలుస్తుంది. పోలీసులూ సైన్యమూ వాడే .38, 9 మిల్లీమీటర్ల సైజులు మామూలు లైసెన్సుదారుకు దక్కవు. కాన్పూరు ఫ్యాక్టరీలో తయారయ్యే .32 రివాల్వరు దక్కుతుంది. అది ఆత్మరక్షణకు వుద్దేశించినది, వేటకు కాదు.

చేతి తుపాకి మీద అంత మోజున్నవాళ్ళకు ఇక్కడ మిగిలిన దారి పోటీలు. అదేమీ తక్కువ దారి కాదు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్తోలుతోనే నాలుగు పతకాలు తెచ్చింది. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో పది మార్కుల చుక్క వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెన వేలి గోరంత. అద్దాలు బిగించిన పిస్తోలును ఆ పోటీకి రానివ్వరు. కన్నూ, చెయ్యీ, ఊపిరీ, అంతే.

అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. టెక్సాసులో జింక మీద .22 రిమ్‌ఫైర్ లాంటి చిన్న తూటాలు వాడరాదు. ఒహాయోలో చేతి తుపాకి గొట్టం కనీసం 5 అంగుళాలుండాలి, తూటా డొల్ల పైనుంచి కిందికి ఒకే తీరుగా వుండాలి. వీటి కన్నా మన పిల్లలు ముందుగా తెలుసుకోవలసింది ఇంకొకటుంది. తాత్కాలిక వీసా మీద వున్నవాళ్ళు, అంటే మనం రోజూ వినే హెచ్-1బి వాళ్ళు కూడా, తుపాకి దగ్గర వుంచుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటులో వున్న వేట లైసెన్సు వాటిలో ఒకటి. ఆ లైసెన్సు గడువు దాటిందా, దాన్ని నమ్ముకున్న మినహాయింపూ దాటినట్టే. తుపాకి కొనే ముందు ఆ కాగితం, కొన్న తర్వాత ఆ తారీఖు, రెండూ జాగ్రత్తగా చూసుకోవాలి.

తులాల లెక్క

ఇక సైజుల సంగతి. మనం తూటా అనేది డొల్ల, మందు, గుండు కలిసిన మొత్తాన్ని. ఎగిరి వెళ్ళేది గుండొక్కటే. ఆ గుండు పట్టే గొట్టం లోపలి వెడల్పును అంగుళంలో ఇన్నో వంతని చెబుతారు. అదే క్యాలిబరు. పేర్లను మాత్రం పూర్తిగా నమ్మకూడదు. .38 అని పిలిచే గుండు నిజంగా .357 అంగుళాలే; .44 అనేది .429. మన వీధుల పేర్లలాగే, ఒకసారి స్థిరపడ్డాక ఎవరూ మార్చరు.

గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఆ మాట విని బెదరనక్కరలేదు. పాత లెక్కలో మన తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. కాబట్టి .32 రివాల్వరు గుండు, 98 గ్రెయిన్లు, అరతులం పైన. .44 మ్యాగ్నమ్ గుండు సాధారణంగా 240 గ్రెయిన్లు, అంటే తులం మీద మూడోవంతు. ఆడవాళ్ళకు ఇంతకన్నా బాగా చెప్పే కొలత నాకు దొరకలేదు.

బరువుకు వేగం తోడైతే దెబ్బ బలం వస్తుంది. దాన్ని అడుగు-పౌన్లలో లెక్క కడతారు. ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తడానికి పట్టే శక్తి ఒక అడుగు-పౌను. .32 గుండు సెకనుకు 700 అడుగుల వేగంతో బయలుదేరితే దాని బలం నూరు పైచిలుకు. .44 మ్యాగ్నమ్ గుండు సుమారు 1,300 అడుగుల వేగంతో బయలుదేరి 900 బలం చూపిస్తుంది. ఒకదానికొకటి పోలిక లేదు.

చేతి తుపాకితో పెద్ద జంతువుల వేట అమెరికాలో ఈ మ్యాగ్నమ్‌లతోనే వూపందుకుంది. 1935లో .357 మ్యాగ్నమ్, 1955లో .44 మ్యాగ్నమ్ వచ్చాయి. రెంటినీ తెచ్చింది స్మిత్ అండ్ వెసన్ కంపెనీ. .44 వెనక ఎల్మర్ కీత్ అనే వేటగాడి పోరు చాలా వుంది. ఆ తర్వాత మరో జాతి బయలుదేరింది. 1963లో రెమింగ్టన్ వారి ఎక్స్.పి.-100, 1967లో వారెన్ సెంటర్ రూపొందించిన కంటెండర్. ఇవి పేరుకు పిస్తోళ్ళు. ఒక్కసారికి ఒకే తూటా. గొట్టం 10 నుంచి 15 అంగుళాలు. వీటిలో రైఫిలు తూటాలే పెట్టి కాలుస్తారు. అంటే రైఫిలుకు కట్టె తీసేసి చేతికిచ్చినట్టు.

దూరపు వేట అనగానే ఈ రెండు జాతుల మధ్య తేడా తెలిసి రావాలి. దానికి మామిడిపండు చాలు.

రాలే మామిడిపండు

గుండు గొట్టం దాటిన క్షణం నుంచే కింద పడడం మొదలెడుతుంది. కొమ్మ నుంచి వూడిన మామిడిపండు ఎంత తొందరగా రాలుతుందో ఇంచుమించు గుండూ అంతే తొందరగా రాలుతుంది. ముందుకు వెళ్ళే వేగం వల్ల మనకది కనపడదు. కనక ప్రశ్న ఒకటే: గుండు జింకను చేరేలోపల ఎంతసేపు రాలింది?

.44 మ్యాగ్నమ్ గుండుకు నూరు గజాలు వెళ్ళడానికి సుమారు పావు సెకను. ఆ పావు సెకనులో అది ఇంచుమించు అడుగు దిగిపోతుంది. బలం 900 నుంచి 600కు తగ్గుతుంది. రెండు వందల గజాలకు అర సెకను దాటుతుంది. అప్పటికి దిగినది నాలుగైదు అడుగులు! అదే 7 ఎం.ఎం.-08 అనే రైఫిలు తూటాను 15 అంగుళాల గొట్టమున్న పిస్తోలులో కాలిస్తే, 140 గ్రెయిన్ల గుండు సుమారు 2,400 అడుగుల వేగంతో, 1,800 బలంతో బయలుదేరుతుంది. రెండు వందల గజాలకు అది దిగేది అడుగు పైన కాస్త. బలం ఇంకా 1,300 దాకా మిగిలి వుంటుంది.

దిగడం పెద్ద చిక్కు కాదు. దూరం తెలిస్తే అంత పైకి గురి పెట్టవచ్చు. చిక్కు ఎక్కడంటే, దూరం తప్పు చూడడంలో. రెండు వందల గజాలనుకుని కొట్టిన జింక నిజంగా రెండు వందల ఇరవై గజాల్లో వుందనుకోండి. ఆ ఇరవై గజాలు మన క్రికెట్ పిచ్చి కన్నా తక్కువ. 7 ఎం.ఎం. గుండు రెండంగుళాలు కిందికి పోతుంది, ఫరవాలేదు. .44 గుండు ఏడెనిమిది అంగుళాలు కిందికి పోతుంది. జింక గుండె, వూపిరితిత్తులు వుండే చోటు ఎనిమిది అంగుళాల పళ్ళెమంత. దాని నడిమికి గురి పెట్టినవాడికి పైనా కిందా నాలుగేసి అంగుళాలే తేడాకు వీలు. ఏడంగుళాలు కిందికి పోయిన గుండు జింకను చంపదు. కాలు విరగ్గొడుతుంది.

అంచేత రివాల్వరు పట్టుకున్నవాడు నూరు గజాల లోపలే వుండడం మంచిది. అందులోనూ .357 అయితే ఇంకా దగ్గర. నూరు దాటి ఆలోచించేవాడికి రైఫిలు తూటా పట్టే ఒంటితూటా పిస్తోలూ, దూరం కొలిచే లేజరు పరికరమూ రెండూ కావాలి. ఇక మరీ పెద్ద గుండు కొంటే సరిపోతుందనుకునే వాళ్ళున్నారు. 2003లో వచ్చిన .500 మ్యాగ్నమ్ లాంటివి చెయ్యి విదిలించి కొడతాయి. రెండుసార్లు ఆ దెబ్బ తిన్న మణికట్టు మూడోసారి మీట నొక్కేముందే వులిక్కిపడుతుంది. వులికిన చేతికి గురి లేదు. తట్టుకోగలిగిన సైజే సరైన సైజు.

చత్వారమూ అద్దాలూ

నలభై దాటిన పాఠకులకు అద్దాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. చత్వారం వచ్చాక పుస్తకం చాచి పట్టుకుంటాం. పిస్తోలు మీద వెనక గాడి, ముందు ముక్కు, దూరాన జింక, ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనపడాలి. పడుచు కంటికే అది సాధ్యం కాదు. కన్ను ఒకసారి ఒక దూరాన్నే పట్టగలదు. పైగా ఆ గాడికీ ముక్కుకూ మధ్య దూరం ఆరంగుళాలే అయితే, వాటి వరసలో ఒక పోస్టుకార్డు మందమంత, అంటే మిల్లీమీటరులో నాలుగోవంతు తేడా వస్తే చాలు, నూరు గజాల దగ్గర గుండు ఆరంగుళాలు పక్కకు పోతుంది.

అద్దం బిగిస్తే ఈ బాధ తీరుతుంది. జింకా, గురిగీతా ఒకే దూరంలో వున్నట్టు కనపడతాయి. అయితే రైఫిలు అద్దం పిస్తోలుకు పనికిరాదు. రైఫిలు అద్దానికి కన్ను మూడు నాలుగు అంగుళాల్లో వుండాలి. పిస్తోలు చాచిన చేతిలో వుంటుంది కదా, దాని అద్దం అడుగు మొదలు అడుగున్నర, ఆ పైన దూరానికి కూడా బొమ్మ చూపించేలా ప్రత్యేకంగా చేస్తారు. చవకలో వచ్చిందని రైఫిలు అద్దం బిగించి కంటికి దగ్గరగా పెట్టుకున్నవాడికి కనుబొమ మీద కుట్లు పడతాయి.

పెద్దది చేసి చూపించే శక్తి ఎంత వుండాలి? ఇక్కడే కుర్రవాళ్ళు బోల్తా పడేది. మా క్లాసులో బోర్డు చూపించే ఎర్రదీపం పుల్ల ఒకటుంది. దాన్ని దగ్గరి గోడ మీద వేస్తే చుక్క కదలనట్టే వుంటుంది. వెనక బెంచీల మీది గోడ మీద వేస్తే చిందులు తొక్కుతుంది. చెయ్యి అదే, వణుకూ అదే, దూరం పెరిగింది. అద్దం జింకను ఎనిమిది రెట్లు పెంచితే వణుకునూ ఎనిమిది రెట్లు పెంచి చూపిస్తుంది. అంతేకాదు, రెట్లు పెరిగినకొద్దీ కనపడే మేర తగ్గుతుంది. చాచిన చేతిలో అటూ ఇటూ వెతికేలోపల జింక వెళ్ళిపోతుంది.

వెలుతురు లెక్క ఇంకొకటి. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం వెడల్పు వస్తుంది. 32 మిల్లీమీటర్ల అద్దం ఎనిమిది రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్ల వృత్తం ఇస్తుంది. రెండున్నర రెట్ల దగ్గర 12 పైన. జింకలు మేతకు వచ్చేది తెల్లవారుజామునా, మునిమాపునా. ఆ వేళల్లో తక్కువ రెట్లే కంటికి సుఖం.

కనక రివాల్వరుకు రెండు రెట్ల అద్దమో, పెంచి చూపించని ఎర్రచుక్క అద్దమో చాలు. ఎర్రచుక్క అద్దానికి కన్ను సరిగ్గా ఇక్కడే వుండాలన్న పట్టింపు తక్కువ. చుక్క చిన్నదై వుండాలి. ఆరు నిమిషాల కోణమున్న చుక్క నూరు గజాల దగ్గర ఆరంగుళాలను కప్పేస్తుంది, ఇక పళ్ళెంలో మిగిలేదేమిటి? ఒంటితూటా పిస్తోలుకు రెండున్నర నుంచి ఎనిమిది రెట్ల దాకా మార్చుకునే అద్దం మంచిది. మొదట తక్కువలో పెట్టి జింకను పట్టుకోవాలి. చేతికి గట్టి ఊతం దొరికాకే పెంచుకోవాలి. ఊతమంటే కర్రల కొంకో, వీపు సంచో, చెట్టు బోదో. ఊతం లేకుండా దూరపు దెబ్బ లేదు.

పంజాగుట్ట పెద్దాయన మాట

ఇంత చదివాక కూడా నాకు తృప్తి కాలేదు. పుస్తకాల్లో జింక పారిపోదు. పంజాగుట్టలో మాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. ఎనభై దాటాయి. చట్టం రాకముందు, పడుచుతనంలో ఆదిలాబాదు అడవుల్లో వేటాడిన మనిషి. మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన క్యాలిబరు అడగలేదు, అద్దం అడగలేదు.

"బాబూ, దెబ్బ తగిలి పారిపోతే ఏం చేస్తావు?" అన్నారు.

వాడు తడబడ్డాడు. "వెతుకుతాను" అన్నాడు.

"ఎంతసేపు? మాకు ఒక దుప్పి విషయంలో రాత్రంతా పట్టింది. లాంతరు పట్టుకుని ఆకుల మీద నెత్తురు చూసుకుంటూ నడిచాం. తెల్లారాక దొరికింది, ఇంకా ప్రాణంతో వుంది. దాని కళ్ళు నాకు ఇప్పటికీ కనపడతాయి. ఎంత దూరంలో కొట్టగలవో లెక్క వేసుకోకు బాబూ. ఎంత దూరంలో తప్పిపోదో అది లెక్క వేసుకో."

తిరిగి వస్తూ పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా ఇద్దరం నడిచాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. సత్యం టాకీసు వుండిన చోటుకు వచ్చాక, "మావయ్యా, దశరథుడు గురి తప్పలేదు కదా?" అన్నాడు. చిన్నప్పుడు నేను చెప్పిన కథే. దశరథుడు గురి తప్పలేదు. శబ్దం ఎక్కడ వచ్చిందో బాణం అక్కడే తగిలింది. ఏనుగు నీళ్ళు తాగుతోందనుకున్న చోట ముని కుమారుడు కుండ ముంచుతున్నాడు. భారతంలో పాండురాజు బాణమూ తప్పలేదు. జింక రూపంలో వున్నవాడు కిందముడని తెలియలేదు, అంతే. మన పురాణాల్లో వేట వల్ల వచ్చిన పెద్ద శాపాలు రెండూ గురి తప్పని వాళ్ళకే తగిలాయి. టెక్సాసులో వేట లైసెన్సుకు ముందు చెప్పే పాఠాల్లో కూడా, కొట్టేది ఏమిటో, దాని ముందేముందో, వెనకేముందో తేల్చుకున్నాకే మీట మీద వేలు పెట్టమంటారట.

పళ్ళెం పరీక్ష

చివరికి వాడికి చెప్పినదీ, ఇతర తల్లిదండ్రులు తమ పిల్లలకు చెప్పగలిగినదీ చాలా చిన్న పరీక్ష. ఎనిమిది అంగుళాల కాగితపు పళ్ళెం ఒకటి తీసుకోవాలి. రేంజిలో పాతిక గజాల దగ్గర మొదలెట్టాలి. బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కాదు. అడవిలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని, పరుగెత్తి వచ్చిన రొప్పుతో, చల్లబడ్డ చేతులతో. పది గుండ్లు వేస్తే పదీ పళ్ళెంలో పడాలి. పడితే పాతిక గజాలు వెనక్కి జరగాలి. ఏ దూరంలో ఒక్కటి బయటపడిందో అది వాడికి నిషిద్ధం. దాని ముందరి దూరమే వాడి వేట దూరం. తుపాకి మీద ఏం రాసి వున్నా సరే, అద్దం ఎన్ని రెట్లు చూపినా సరే.

ఈ పరీక్ష పెట్టుకుంటే క్యాలిబరు ఎంపిక, అద్దం ఎంపిక వాటంతట అవే తేలిపోతాయి. చెయ్యి అదిరించే పెద్ద సైజు పళ్ళెం దాటిపోతుంది. వాడు చిన్నది తీసుకుంటాడు. ఎక్కువ రెట్ల అద్దం కంగారు పెడుతుంది, వాడు తగ్గించుకుంటాడు. డబ్బు తూటాల సాధనకు మిగులుతుంది, అదే మంచి ఖర్చు.

మా వాడు టెక్సాసు వెళ్ళి రెండు నెలలు వారం వారం సాధన చేశాడు. రెండు రెట్ల అద్దంతో .44 రివాల్వరు కొన్నాడు. రెండు వందల గజాల మాట మళ్ళీ ఎత్తలేదు. డెబ్భై అయిదు గజాల దగ్గర పదికి పది వస్తున్నాయనీ, నూరు దగ్గర ఎనిమిదే వస్తున్నాయనీ, కనక ఈ ఏడు డెబ్భై అయిదేననీ వాళ్ళమ్మకు ఫోనులో చెప్పాడు. నవంబరులో మూడు రోజులు అడవిలో కూర్చున్నాడు. నూట ముప్ఫై గజాల్లో మంచి జింక ఒకటి చాలాసేపు మేసిందట. పిస్తోలు ఎత్తలేదట. వుత్త చేతులతో తిరిగి వచ్చాడు.

మా అక్కయ్యకు వేట ఇప్పటికీ ఇష్టం లేదు. ఆవిడ ఇష్టాన్ని ఏ లెక్కా మార్చలేదు, మార్చాలని నేనూ అనుకోను. కాని ఆ ఫోను పెట్టేశాక, "వాడు దాన్ని వదిలేశాడంటే నాకు వాడి మీద గురి కుదిరిందిరా" అంది.

ఆ మాట రెండో అర్థంలోనే అంది. మొదటి అర్థంలో గురి సంపాదించడానికి పళ్ళేలూ తూటాలూ కావాలి. రెండోది సంపాదించడానికి, ఒక్కొక్కప్పుడు, తుపాకి దించడం తెలియాలి.